వేరు అడిగే గడువు

టమాటా మొక్క మిట్టమధ్యాహ్నం తల వాల్చి, చల్లబడే వేళకు మళ్లీ తేరుకుంటుంటే రైతు మొదట నీటిని అనుమానిస్తాడు. ఓ తడి ఎక్కువ ఇస్తాడు. ఆకు పసుపు తిరిగితే యూరియా చల్లుతాడు. అప్పటికీ కోలుకోకపోతే పురుగుమందుల దుకాణానికి వెళ్లి మొక్క వాలుతోందని చెప్పి, వాళ్లిచ్చిన రెండు సీసాలు తెచ్చి పిచికారీ చేస్తాడు. చేనంతా ఒకే తీరున ఉండదు. ఈ మడి పచ్చగా ఉంటుంది, పక్క మడి గిడసబారుతుంది. ఖర్చు పెరుగుతుంది, కాయ సైజు తగ్గుతుంది. ఇంత జరుగుతున్నా ఒక మొక్కను పీకి చూద్దామని మాత్రం అనిపించదు. డబ్బు పోసి పెంచిన మొక్కను పీకడానికి చెయ్యి రాదు మరి.

పీకి చూస్తే సంగతంతా అక్కడే ఉంటుంది. సన్నగా, తెల్లగా, పీచుపీచుగా పాకవలసిన వేళ్లు ఉబ్బి ముడులు పడి ఉంటాయి. ఆవగింజంత బుడిపెలు కొన్ని, రెండు మూడు కలిసిపోయి గోళీకాయంత అయినవి కొన్ని. వేరుశనగ, అలసంద వేళ్లకుండే నత్రజని బుడిపెలను గోటితో గీరితే ఊడి వస్తాయి. ఇవి రావు. ఇవి బయటి నుంచి అంటుకున్నవి కావు, ఉబ్బింది వేరు తాలూకు కండే. బ్లేడుతో బుడిపెను చీల్చి భూతద్దం కింద పెడితే, గుండుసూది తలకన్నా చిన్నగా, ఒక వైపు ఉబ్బి మరోవైపు మొన తేలిన తెల్లటి ఆడ నులిపురుగు కనిపిస్తుంది. అది వేరులో పడిన చోటు నుంచి కదలదు. అక్కడే తిని, అక్కడే వందల గుడ్లను జిగురు ముద్దలో పెట్టి, అక్కడే చస్తుంది. ఆ గుడ్ల నుంచి వచ్చే పిల్ల పురుగు పొడవు అర మిల్లీమీటరు కూడా ఉండదు. నేల వెచ్చగా ఉంటే ఈ చక్రం ఒక్కసారి తిరగడానికి నెల చాలు. అంటే ఒక్క టమాటా పంటకాలంలో మూడు నాలుగు తరాలు.

దీన్ని వేరుబుడిపె నులిపురుగు అంటారు. శాస్త్రీయ నామం మెలాయిడోగైన్. 1855లో ఇంగ్లండులో గాజుగృహంలో పెంచిన దోస వేళ్ల మీద బెర్క్‌లీ అనే ఆయన దీన్ని మొదట గుర్తించాడు. మన దేశంలో 1901లో నీలగిరి జిల్లా దేవాలలోని తేయాకు తోటలో బార్బర్ చూశాడు. టమాటా, వంగ, బెండ, కాకర, బీర, క్యారట్... కూరగాయల్లో దీనికి పనికిరానివి తక్కువ. పాలీహౌస్ కట్టి అందులో క్యాప్సికం వేసిన వాళ్లకు దీని సంగతి ఇంకా బాగా తెలుసు. వాన, ఎండ లోపలికి రాకుండా కప్పు వేశాం కానీ కింది మట్టి పాతదే.

దీని మీద మనిషి చేసిన రసాయన యుద్ధం చరిత్ర అంత గొప్పగా లేదు. 1950లలో వచ్చిన డీబీసీపీ అనే మందు నులిపురుగులను బాగానే చంపింది. 1977లో కాలిఫోర్నియాలో ఆ మందు తయారుచేసే కర్మాగారంలో పనివాళ్లు తమకు పిల్లలు పుట్టడం లేదని ఒకరితో ఒకరు చెప్పుకున్నాక పరీక్షలు జరిగాయి. వాళ్లలో చాలామందికి సంతాన సామర్థ్యం దెబ్బతిన్నదని అప్పుడు తేలింది. మన దేశం నిషేధించిన మందుల జాబితాలోనూ అది ఉంది. మట్టిని పొగబెట్టే మిథైల్ బ్రోమైడ్ ఓజోను పొరకు చిల్లు పెడుతోందని మాంట్రియల్ ఒప్పందం కింద ఒక్కో దేశం వదులుకుంటూ వచ్చింది. వర్ధమాన దేశాలకు పెట్టిన గడువు 2015. మన నారుమళ్లలో ఘాటు వాసనతో అందరికీ తెలిసిన ఫోరేట్ గుళికలు 2020 డిసెంబరు 31తో చట్టప్రకారం ముగిశాయి. ఇలా ఒక్కో తలుపు మూసుకుంటున్న కొద్దీ చూపు మొక్కల వైపు మళ్లింది. కొందరు ప్రేమతో మళ్లారు, కొందరు మరో దారి లేక.

మొక్కల దగ్గర ఉన్న సరుకు తక్కువేం కాదు. కదలలేని ప్రాణి కాబట్టి తన చుట్టూ మట్టిలో ఎవరు తిరగాలో, ఎవరు తిరగకూడదో రసాయనాలతోనే తేల్చుకోవాలి. అందులో మన కళ్లెదుటే ఉన్నది బంతి. నెదర్లాండ్స్‌లో పూల దుంపలు పండించే వాళ్లు బంతి వేసి తీసిన మడిలో తర్వాతి పంట వేళ్లు శుభ్రంగా ఉంటున్నాయని గమనించారు. ఎందుకని వెతికిన ఉలెన్‌బ్రూక్, బైలో అనే శాస్త్రవేత్తలు 1958లో ఆల్ఫా టెర్థైనైల్ అనే పదార్థాన్ని బయటపెట్టారు. గాజుగిన్నెలో అది నులిపురుగులను ఇట్టే చంపింది. తమాషా ఏమిటంటే, అది బాగా పనిచేయడానికి వెలుతురు కావాలి. మట్టిలో వెలుతురెక్కడిది? వేరులోకి చొరబడిన పురుగు మీద అది చీకట్లోనే పనిచేసేలా వేరులోని ఎంజైములు తోడ్పడతాయని ఒక వివరణ. ఏమైనా, ఆ పదార్థాన్ని విడిగా తీసి నేల మీద పోస్తే రాని ఫలితం బతికున్న బంతివేరు దగ్గర వస్తోంది. పురుగు బంతి వేరును మామూలు వేరే అనుకుని లోపలికి దూరుతుంది, అక్కడ ఎదగలేదు, గుడ్లు పెట్టలేదు.

టమాటా సాళ్ల మధ్య, గట్ల మీద నాలుగు బంతి మొక్కలు పెట్టడం మన ఊళ్లలో ఎప్పటి నుంచో ఉంది. అది మంచిదే. కాయతొలిచే పురుగు తల్లి గుడ్లు పెట్టడానికి ఆ పూల మీదికి పోతుంది. వేరు సమస్యకు మాత్రం అది చాలదు. టమాటా వేరు టమాటా వేరే, దాని పక్కన బంతి ఉన్నంత మాత్రాన పురుగుకు అక్కడ కంచం ఎత్తేసినట్టు కాదు. నేలంతా బంతి వేళ్లు అల్లుకునేలా ఒత్తుగా వేసి, రెండు మూడు నెలలు ఉంచి, ఆ తర్వాతే కూరగాయ నాటాలి. మధ్యలో కలుపు లేకుండా చూసుకోవాలి. కలుపు వేళ్లలోనే పురుగు హాయిగా కాలక్షేపం చేసేస్తుంది. చిన్న పూల బంతి రకాలకు ఈ గుణం ఎక్కువ. ముద్దబంతికి కూడా ఉంది కానీ ప్రతి బంతీ ప్రతి జాతి నులిపురుగునూ ఆపదు.

డచ్చి రైతుకు బంతి అంటే రెండు మూడు నెలలు నేలను ఊరికే వదిలేసినట్టు, రాబడి లేదు. మన రైతుకు ఆ బాధ లేదు. వర్షాలు పడ్డాక నాటిన బంతి బతుకమ్మకు, దసరాకు పూస్తుంది. దీపావళి, కార్తీకమాసం వెంటే ఉన్నాయి. పూలు కోసుకుని, చెట్టును పచ్చిగా ఉండగానే దున్నేసి, యాసంగి టమాటాకు నేలను సిద్ధం చేసుకోవచ్చు. ఒకే పండగకు ఊరంతా బంతి వేస్తే మార్కెట్లో ధర పడిపోయి బుట్టలు రోడ్డు పక్కన పారబోసిన దృశ్యాలూ మనకు తెలుసు. అయినా ఆ ధరలో నేల శుభ్రపడిన లెక్క కలిపి చూసుకున్న రైతు ఎవరైనా ఉన్నాడా అంటే అనుమానమే. అలా లెక్క కట్టి చూపించిన వాళ్లూ లేరు.

ఇక వేప. అమెరికా వ్యవసాయ శాఖకు, ఒక కంపెనీకి కలిపి యూరప్ పేటెంట్ కార్యాలయం 1994లో వేపనూనె మీద ఇచ్చిన పేటెంటు, 2000లో రద్దయి, 2005లో అప్పీలులోనూ ఓడిపోయిన కథ పత్రికలు చదివే వాళ్లందరికీ తెలుసు. ఆ పోరాటమంతా నూనె కోసం. నూనె తీయగా మిగిలిన పిండి కోసం ఎవరూ కోర్టుకెక్కలేదు. వేరుకు కావలసింది మాత్రం ఆ పిండే. ఆఖరి దుక్కిలో ఎకరాకు 200 కిలోల వేపపిండి వేయమన్నది మన వ్యవసాయ శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి చెబుతున్న మాట. 90 కిలోల చివికిన పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండి, 2 కిలోల ట్రైకోడెర్మా విరిడి కలిపి, తడి ఆరకుండా నీడన గోనెపట్టా కప్పి వృద్ధి చేసి చేలో చల్లమన్నదీ అలాంటిదే. ఈ మిశ్రమాన్ని ఒక్కసారైనా చేసిన వాళ్లకు తెలుసు, వారం తిరిగేసరికి కుప్ప మీద పచ్చని బూజు పరుచుకుంటే అది సిద్ధమైనట్టు.

వేప చేదుకు మూలమైన వాటిలో అజాడిరాక్టిన్ ముఖ్యం. 1968లో వేరుచేసిన ఈ పదార్థాన్ని ప్రయోగశాలలో మొదటి నుంచి చివరిదాకా తయారుచేయడానికి కేంబ్రిడ్జిలో స్టీవెన్ లే బృందానికి 22 ఏళ్లు పట్టి, 2007లో గానీ కుదరలేదు. వీధి చివరి చెట్టు ఏటా పైసా ఖర్చు లేకుండా చేసే పని అది! ఆకు మీద కొట్టిన వేపమందు ఎండకు త్వరగా విరిగిపోతుంది. సాయంత్రం పూట పిచికారీ చేయమనడం అందుకే. మట్టిలో ఆ ఎండ దెబ్బ ఉండదు. అయితే పిండి పనిచేసేది ఒక్క అజాడిరాక్టిన్‌తోనే కాదు. అది కుళ్లేటప్పుడు వెలువడే అమ్మోనియా, ఫినాలులు పురుగుకు సరిపడవు. కుళ్లును తిని పెరిగే శిలీంధ్రాలు, బ్యాక్టీరియాలు నులిపురుగు గుడ్ల మీద పడతాయి. ఇదంతా జరగడానికి తడి కావాలి, రెండు వారాలైనా వ్యవధి కావాలి. పొద్దున పిండి చల్లి సాయంత్రం నారు నాటితే పురుగు సంగతి అటుంచి నారు వేళ్లే మాడతాయి.

ఆవాలది మరో దారి. పనసపొట్టు కూరలో ఆవ పెట్టే ఇంట్లో ఎవరినైనా అడగండి. పొడి ఆవాలు నోట్లో వేసుకుంటే మొదట ఏమీ అనిపించదు. నీళ్లు చిలకరించి రోట్లో నూరితేనే ముక్కు పుటాలదురుతాయి. ఆవగింజలో ఘాటు సిద్ధంగా ఉండదు. ఘాటుకు ముడిసరుకు ఒక గదిలో, దాన్ని విడగొట్టే ఎంజైము ఇంకో గదిలో ఉంటాయి. గింజ చితికి, నీరు తగిలి రెండూ కలిసినప్పుడే ఐసోథయోసయనేట్ అనే ఘాటు వాయువు పుడుతుంది. చేలో చేసేదీ అచ్చం ఇదే. పూతకొచ్చిన ఆవ పైరును ముక్కలు ముక్కలుగా నరికి, వెంటనే మట్టిలో కలియదున్ని, తడి ఇచ్చి, వీలైతే పాలిథిన్ పట్టా కప్పుతారు. మట్టే పొగబారుతుంది. ఆస్ట్రేలియాలోని సీఎస్ఐఆర్ఓ శాస్త్రవేత్త కిర్కెగార్డ్ బృందం 1993లో దీనికి జీవ ధూమీకరణ అనే అర్థం వచ్చే పేరు పెట్టింది. మట్టిని శుద్ధిచేయడానికి కంపెనీలు అమ్మే మెథాం సోడియం విడుదల చేసేదీ ఇదే కుటుంబపు వాయువును.

ఇక్కడే ఒక మెలిక ఉంది. ఆవ మొక్క వేళ్లంటే వేరుబుడిపె నులిపురుగుకు ఇష్టమే. నాలుగు గింజలు వస్తాయి కదా అని పైరును కోతదాకా ఉంచేస్తే మందు కాస్తా మేత అవుతుంది. వేడి నేలలో మరీను. నరకాల్సిన రోజున నరకాలి, నరికిన గంటల్లోనే దున్నాలి, నీళ్లు ఆ పూటే అందాలి. ట్రాక్టరు దొరకలేదనో, కరెంటు రాత్రికి గానీ రాదనో రేపటికి వాయిదా వేస్తే ఘాటంతా గాలికి పోతుంది.

జనుము సంగతి తేలిక. పచ్చిరొట్టగా వేసి పూతలో దున్నడం మన వరిరైతులకు కొత్త కాదు. దాని వేళ్లలో దూరిన నులిపురుగు పిల్లలు ఎదగవు, నేలకు నత్రజని కూడా దక్కుతుంది. ఇంగ్లండులో క్యారట్ రైతులు వెల్లుల్లి సారంతో చేసిన గుళికలు వాడుతున్నారు. ఆముదపు పిండి, కానుగ పిండి మన దగ్గర ఉన్నవే.

మొక్క నుంచి వచ్చింది కనుక మంచిదే అనేసే అలవాటు మనలో ఈమధ్య పెరిగింది. ఆముదపు పిండి చేనుకు మేలు, పశువు నోట పడితే ప్రాణం మీదికి వస్తుంది. పొగాకు కషాయంలోని నికోటిన్ చర్మం గుండా ఒంట్లోకి దిగే విషం. డెర్రిస్ వేళ్ల నుంచి తీసే రోటెనోన్‌ను చాలాకాలం సేంద్రియ మందుగా వాడారు, చెరువులో పడితే చేపలు తేలతాయి. ఆవ ఘాటుకు చెడ్డ పురుగు, మంచి పురుగు అన్న తేడా తెలియదు. మట్టిలోని నులిపురుగుల్లో ఎక్కువ జాతులు మనకు కీడు చేయనివే. కుళ్లును తిని పోషకాలను విడుదల చేసేవి, సాటి పురుగులను తినేవి వాటిలో బోలెడు. ఇక ‘బయో’ అని రాసుకుని, లోపల ఏముందో చెప్పని సీసాలు మిర్చి ప్రాంతాల్లో ఎంత దుమారం రేపాయో చూశాం. వేపమందు కొనేటప్పుడు సీసా మీద అజాడిరాక్టిన్ ఎన్ని పీపీఎం అన్నది, రిజిస్ట్రేషన్ నంబరు చూసుకోవడం మొదటి పని. పిండికి ఆ మాత్రం లేబులు కూడా ఉండదు. వాసన చూసి, చేదు చూసి కొనాలి.

వేపకాయల వైపు నుంచీ ఒక మాట. జ్యేష్ఠంలో, ఆషాఢంలో చెట్ల కింద రాలిన పండ్లను ఏరేది ఎక్కువగా ఆడవాళ్లే. వాన మొదలయ్యే రోజులు కావడంతో ఏరిన కాయ తడిసి బూజు పడితే మందు గుణం పోతుంది. గుజ్జు కడిగి నీడన ఆరబెట్టిన గింజకూ, రోడ్డు పక్కన ఊడ్చి గోతాలకెత్తిన గింజకూ ఒకటే ధర పలికితే శ్రద్ధగా ఆరబెట్టేదెవరు? 2015 నుంచి దేశంలో తయారయ్యే యూరియాకంతటికీ వేపనూనె పూత తప్పనిసరి అయ్యాక గింజకు గిరాకీ పెరిగింది. 2021లో తెలంగాణలో వేపచెట్ల కొమ్మలు కొసల నుంచి ఎండిపోతూ వచ్చినప్పుడు ఊళ్లన్నీ బెంగపడ్డాయి. చాలా చెట్లు మళ్లీ చిగిర్చాయి. చెట్టు ఉచితంగా ఇస్తోందనుకునే దాని వెనక ఎంత పని, ఎంత అదృష్టం ఉన్నాయో అప్పుడు కాస్త తెలిసింది.

ఇవన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక్క విషయం స్పష్టంగా కనిపిస్తుంది. బంతికి రెండు మూడు నెలలు, జనుముకు నెలన్నర, వేపపిండికి రెండు వారాలు. అన్నీ నాటుకు ముందువే. పైరు వాలాక దుకాణం మెట్టెక్కిన రైతుకు వీటిలో ఏదీ అక్కరకు రాదు. కాబట్టే మొక్కల మందులు పనిచేయవన్న మాట పుట్టింది. పనిచేయనిచ్చే వ్యవధి మనం ఇవ్వలేదు. ఈ వ్యవధి ఎవరి చేతిలో ఉంది? సొంత భూమి ఉన్న రైతు రెండు నెలలు ఆగగలడు. కౌలు రైతు సంగతి వేరు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం కింద ఇచ్చే కార్డు చెల్లుబాటే 11 నెలలు. ముందుగానే కౌలు చెల్లించి, వచ్చే ఏడాది ఈ చేను తనదో కాదో తెలియని మనిషి, తన తర్వాత వచ్చేవాడి టమాటా వేళ్ల కోసం ఎకరాకు 200 కిలోల పిండి ఎందుకు వేస్తాడు? విత్తనంలోనే విరుగుడు ఉందిగా అంటారు కొందరు. నిజమే, అడవి టమాటా నుంచి తెచ్చిన ఎం.ఐ. అనే జన్యువు ఉన్న రకాలు నులిపురుగును తట్టుకుంటాయి. నేల వేడి 28 డిగ్రీలు దాటితే ఆ శక్తి సడలుతుంది. మన వేసవిలో 28 డిగ్రీలంటే తెల్లవారుజాము లెక్క.

ప్రకృతి సాగులో తొలకరికి ముందే నవధాన్యాలు చల్లి నేలను పచ్చగా ఉంచే పద్ధతి ఆంధ్రప్రదేశ్‌లో ఇప్పటికే ఉంది. నేలకు గడువు ఇవ్వాలన్న ఆలోచన అందులో ఉంది, అది మెచ్చుకోవలసింది. కూరగాయల చేలకు ఆ మిశ్రమం అలాగే దించేస్తే మాత్రం చిక్కు. పెసర, అలసంద, బెండ నులిపురుగుకు మంచి భోజనం. బుడిపెలు కనిపించిన మడిలో వాటిని తగ్గించి జనుము, బంతి పాలు పెంచితే ఖర్చు పెరగదు.

అన్నిటికన్నా చవగ్గా పని అయ్యే చోటు నారు. ఎకరం టమాటాకు కావలసిన నారు పెరిగేది చిన్న మడిలో. అక్కడ గంపెడు వేపపిండి, వేసవిలో కొన్ని వారాలు తడిపి పాలిథిన్ కప్పి ఎండబెట్టడం చేసుకుంటే చాలు. ఇప్పుడు చాలామంది షేడ్‌నెట్ నర్సరీల నుంచి ట్రేల్లో నారు కొంటున్నారు. కొబ్బరిపొట్టులో పెరిగిన నారుకు ఈ బెడద తక్కువ, ఆ పొట్టులో ఎవరూ మట్టి కలపనంత వరకు. నర్సరీల రిజిస్ట్రేషన్‌కు ఉమ్మడి రాష్ట్రంలో 2010లోనే చట్టం వచ్చింది. నారు కొనేటప్పుడు ఒక ట్రేలోంచి నాలుగు మొక్కలు ఊడదీసి వేళ్లు చూపించమని అడిగే హక్కు కోసం చట్టం కూడా అక్కర్లేదు.

2015లో మొదలైన భూసార కార్డులో 12 గడులున్నాయి. ఉదజని సూచిక నుంచి బోరాన్ దాకా. నులిపురుగుల గడి లేదు. దాన్ని లెక్కపెట్టడానికి ఖరీదైన యంత్రాలేమీ వద్దు, సన్న జల్లెడలు, ఒక గరాటు, ఒక మైక్రోస్కోపు, చూడటం నేర్చిన ఒక మనిషి చాలు. నమూనా మాత్రం సమయానికి తీయాలి. ఇప్పుడు మట్టి నమూనాలు ఖాళీ నేలలో, వేసవి దుక్కుల ముందు తీస్తున్నాం. ఎరువుల లెక్కకు అది సరే. పురుగు ఎక్కువగా దొరికేది పాత పంట వేళ్లు ఇంకా మట్టిలో ఉన్నప్పుడు. మదనపల్లె వైపు టమాటా తోటలు తీసేసే రోజుల్లో, కట్టెలు, తీగలు విప్పి చెట్లు పీకి గట్టున పడేసేటప్పుడు, వేళ్లను ఒకసారి దులిపి చూసి, ఏ మడిలో బుడిపెలున్నాయో రాసి పెట్టుకుంటే ఆ రోజుకు అంతకు మించిన పరీక్ష అక్కర్లేదు. బుడిపెలున్న వేళ్లను పెంటకుప్పలో వేయకుండా ఎండబెట్టి కాల్చేయాలి. వచ్చే బంతి ఏ మడిలో వేయాలో ఆ కాగితమే చెబుతుంది.